మూడు లెక్కపెట్టి లేవండి

రోజు 112

పొద్దున మస్టర్‌లో హాజరుకు నా పేరు పిలిచేసరికి దాకయ్య రక్తం ఇంకా ఆరలేదు. గని అడుగు నుంచి పై బెంచీలకు, అంటే గని గోడల్లో మెట్లలా తవ్విన అరుగులకు, నీళ్ళు అందించే లైన్లో నిలబడి, బకెట్ కోసం చేయి చాచాడట. ఒడ్డు మీది నుంచి రాయి వచ్చి తల పగలగొట్టింది. శవాన్ని పక్కకు లాగి, అందరూ ఒక్కో అడుగు ముందుకు జరిగి ఆ ఖాళీ పూడ్చారు. లైను ఆగకూడదు. ఆగితే చిన్నపిల్లల బెంచీకి మధ్యాహ్నం దాకా నీళ్ళుండవు.

రాళ్ళు వేసేవాళ్ళను మేం ఒడ్డోళ్ళు అంటాం. గనికి పైన, ఎండలో ఉంటారు. వాళ్ళ బావులు ఎండిపోయాయి, మా గని అడుగున నీళ్ళున్నాయి. వాళ్ళు అడిగారు, మేం ఇవ్వలేదు. అంతకంటే పెద్ద కథ ఏమీ లేదు.

ఈ పుస్తకం నా ఇష్టంతో రాయడం లేదు. టీచర్ ట్రైనింగులో ఉన్న ప్రతివాళ్ళూ రోజూ రాయాలని రాజవ్వ టీచర్ నియమం. చివర్న 'నేటి తప్పు' అని ఒక లైను ఉండి తీరాలి. తప్పు లేదని రాసేవాళ్ళను ఆవిడ టీచర్ కానివ్వదు. నాకు ఒళ్ళు మండుతుంది. లెక్కల మనిషిని, నాకు రోజుకొక తప్పు ఎక్కడినుంచి వస్తుంది?

సైన్సు మనిషి ఓదెలుతో నాకు జత వేశారు. ఇద్దరం కలిసి తొమ్మిదో తరగతికి ఒక జోడు పాఠం చెప్పాలి. పాసైతే క్లాసు మాది. ఫెయిలైతే ఒడ్డు కాపలాకు పంపుతారు. అక్కడ ఏడాది బతికినవాళ్ళను నేను చూడలేదు. అందుకని ఓదెలును భరిస్తాను.

నేటి తప్పు: కోపంలో మస్టర్‌కు ఆలస్యంగా పలికాను.

రోజు 115

జోడు పాఠం అంశం ఇచ్చారు. ఇచ్చింది రాజవ్వ టీచర్ కాదు, గని పెద్ద లింగమూర్తి సర్దార్. పై బెంచీలోని బడికి ఎదురుగా, దాదాపు అంతే ఎత్తులో, ఒడ్డు మీది మట్టిగుట్ట ఎక్కి ఒడ్డోళ్ళు విసురు యంత్రం పెట్టారు. పొడుగాటి దూలం, ఒక చివర బరువు, ఇంకో చివర బుట్ట. దాని రాళ్ళు బడి దాకా వస్తున్నాయి. వాటినుంచి పిల్లల్ని ఎలా కాపాడాలో పిల్లలచేతే లెక్క కట్టించాలి. అదే పాఠం.

"బడిని కింది బెంచీకి దించచ్చు గదా?" అన్నాను.

"కింద ఎలుతురేది? చీకట్ల సదివితే వచ్చేది సదువేనా?" అన్నాడు సర్దార్. ఆయనకు చదువు రాదు. జవాబు పెట్టెలు పనిచేసిన కాలంలో పెరిగాడు. ఏది అడిగినా అవే చెప్పేవి కాబట్టి ఎవరూ ఏమీ నేర్చుకోలేదు. పెట్టెలు ఆగిపోయిన ఏడాది వరదకు గని కట్ట తెగింది. లెక్కలవాళ్ళు కట్టిన లెక్క సరైనదే, సైన్సువాళ్ళు కొలిచిన వరద సరైనదే, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు లేరు. మూడువందల మంది పోయారు, సర్దార్ భార్య కూడా. అప్పటినుంచి జోడు పాఠం చెప్పనివాళ్ళకు గనిలో టీచర్ పని లేదు.

పొద్దంతా కందకంలో పడుకుని రాళ్ళు కొలిచాం. ఓదెలు దారానికి బోల్టు కట్టి ఊపుతూ సెకన్లు లెక్కపెట్టాడు, నేను రాసుకున్నాను. తొమ్మిదో రాయి కాపలా మనిషి వీరవ్వ మోచేతి మీద పడింది. ఎముక బయటికొచ్చింది. ఆమె అరుస్తూనే ఉంది, వీడు బోల్టు ఊపుతూనే ఉన్నాడు.

"నీకు మనసుందా?" అని అడిగాను.

"ఈ లెక్క ఇడిసిపెడితే ఆమె చెయ్యి అతుకుతదా?" అన్నాడు. కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకునే అన్నాడు. ఆ తరవాత వాడి మీద నా నోరు కొంచెం తగ్గింది.

దూరం ఎనభై ఒక్క మీటర్లు. వేగం సెకనుకు ముప్పై. రాయి గాలిలో ఉండేది మూడు సెకన్లు, ఇంకొంచెం.

నేటి తప్పు: వీరవ్వ అరుపుకు ఒక రాయి సమయం రాసుకోలేదు.

రోజు 118

జోడు పాఠం అయిపోయింది. పాసైనట్టే.

పంతొమ్మిది మంది పిల్లలు, వెనక గోడకానుకుని సర్దార్, ఆయన పక్కన రాజవ్వ టీచర్. నల్లబల్ల అంటే బొగ్గు మోసిన పాత కన్వేయర్ బెల్టు ముక్క, సుద్ద దాని మీద అంత బాగా పలకదు. నేను లెక్క చేశాను. ఎనభై ఒక్క మీటర్ల దూరంలో పడాలంటే రాయిని ఏ కోణంలో విసరాలి? నాలుగు లైన్లలో తేలింది. జవాబులు రెండు. ముప్పై ఒకటి, యాభై తొమ్మిది. ముప్పై ఒకటికి విసిరితే రాయి తక్కువ ఎత్తులో దూసుకొస్తుంది. యాభై తొమ్మిదికి విసిరితే ఆకాశంలోకి లేచి నెత్తిమీదికి దిగుతుంది. పడేది మాత్రం ఒక్కచోటే.

తరవాత ఓదెలు వంతు. జోడు పాఠంలో సైన్సు మనిషికి ఒక హక్కుంది. లెక్కలో వచ్చి, లోకంలో జరగని జవాబును అడ్డంగా కొట్టెయ్యచ్చు. దాన్ని లోకం గీత అంటాం. కాలం మైనస్ నాలుగు సెకన్లని వస్తే కొట్టేస్తాం కదా, అలాగ. లెక్కల మనిషికి అది నచ్చకపోతే 'ఆగు' అనాలి. అంటే పాఠం అక్కడికి ఆగుతుంది, మళ్ళీ కొలిచి మరోరోజు మొదలుపెట్టాలి.

ఓదెలు యాభై తొమ్మిది మీద గీత గీశాడు.

"ఆ రెండోది ఎందుకు కొట్టేసిన్రు సార్?" అంది రెండో వరుసలోంచి శ్యామల. ఏది చెప్పినా ఎందుకు అంటుంది ఈ పిల్ల.

"నలభై రెండు రాళ్ళు కొలిచినం. అన్నీ తక్కువెత్తులనే వచ్చినయ్. ఆకాశంలకు ఇసిరి మన మీద పడాలని ఎవడు కూసుంటడు బిడ్డా?"

పిల్లలు నవ్వారు. సర్దార్ కూడా నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు.

ఆగు అందామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. ఆ జవాబు తప్పు కాదు, వాళ్ళు ఇంకా వాడలేదు, అంతే. కానీ ఆగు అంటే గోడ పని వారం ఆలస్యం. సర్దార్ ముఖం మళ్ళీ ముడుచుకుంటుంది. నాకు క్లాసు కావాలి, ఒడ్డు కాపలా వద్దు. నోరు మెదపలేదు. రాజవ్వ టీచర్ నా వైపే చూసింది. నేను సుద్దముక్క వైపు చూశాను.

ఆ ఒక్క జవాబుతో మిగతాదంతా చకచకా వచ్చేసింది. నాలుగు మీటర్ల గోడ కడితే దాని వెనక ఆరు మీటర్ల దాకా రాయి పడదు. నాలుగు వరుసలూ అందులో సరిపోతాయి. దూలం లేవగానే కాపలావాళ్ళు గంట కొడతారు. పిల్లలు వంగి మూడు లెక్కపెడతారు. రాయి గోడకు తగులుతుంది. లేస్తారు.

"మూడు లెక్కపెట్టి లేవండి," అని పిల్లలచేత పదిసార్లు చెప్పించాను. పాటలాగా పట్టుకున్నారు.

నేటి తప్పు: సుద్దముక్క విరగ్గొట్టాను.

రోజు 126

పాత డంపర్ లారీల టైర్లు పేర్చి, మట్టి కూరి గోడ లేపాం. మోస్తూ మోస్తూ ఇద్దరు చచ్చిపోయారు, ఒకడు టైరు కింద, ఒకడు రాయి తగిలి. గోడ మాత్రం నిలబడింది.

ఇవాళ పద్నాలుగు రాళ్ళొచ్చాయి. పద్నాలుగూ గోడకే తగిలాయి. గంట, వంగడం, ఒకటి రెండు మూడు, ధన్, లేవడం. శ్యామల లేస్తూ లేస్తూ పక్కపిల్లను గిల్లుతోంది. భయం పోయింది. క్లాసు కిలకిలలాడుతుంటే నాకు కడుపు నిండినట్టుంది. ఓదెలు వెనక నిలబడి నావంక చూసి కళ్ళెగరేశాడు.

మట్టిగుట్ట మీద, విసురు యంత్రానికి ఎడంగా ఒక మనిషి కూచుని ఉంటోంది. నెత్తిన తెల్లగుడ్డ. నాలుగు రోజులుగా చూస్తున్నాను. రాళ్ళు ఎత్తదు, దూలం తిప్పదు. మోకాళ్ళ మీద ఏదో పెట్టుకుని మా బడివైపే చూస్తూ ఉంటుంది.

నేటి తప్పు: పిల్లల నవ్వు ఆపమని ఓదెలు చెప్పినా ఆపలేదు.

రోజు 131

రాయాలి కాబట్టి రాస్తున్నాను.

రెండో పీరియడు. గంట మోగింది. వంగారు. ఒకటి, రెండు, మూడు.

ధన్ అనలేదు.

గోడకు రాయి తగల్లేదు. గురి తప్పి ఎక్కడో పడి ఉంటుందనుకున్నాను. లేవండి అన్నాను. అన్నది నేనే. పిల్లలు లేచారు. వెనకనుంచి ఓదెలు "వంగుర్రి! వంగుర్రి!" అని అరిచాడు. నాలుగు. తల ఎత్తి చూశాను. ఆకాశంలో నల్లటి చుక్కలు. బుట్టెడు రాళ్ళు, ఒక్కోటి కొబ్బరికాయంత, నిలబడ్డ పిల్లల నెత్తుల మీదికి నిటారుగా దిగుతున్నాయి.

ఐదు.

ఆ చప్పుడు ఎలా ఉందో రాయను. దుమ్ము తగ్గాక రెండో వరుసలో భద్రయ్య కూతురికి తల లేదు. మూడో వరుసలో ఇద్దరు ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు, ఎవరి కాలు ఎవరిదో తెలియలేదు. ఒకమ్మాయి దవడ పోయి, నావైపు చూస్తూ టీచర్ అనడానికి ప్రయత్నించింది. ఒళ్ళో పెట్టుకున్నాను. కాసేపటికి పోయింది. ఇంకా కదులుతున్నవాళ్ళను ఈడ్చుకెళ్ళేలోపు మళ్ళీ గంట మోగింది. మళ్ళీ బుట్ట.

ఏడుగురు. నలుగురికి కాళ్ళూ చేతులూ విరిగాయి. మొదటి వరుస ఐదుగురికి చిన్న దెబ్బ కూడా తగల్లేదు. యాభై తొమ్మిదికి విసిరిన రాయి నుంచి నాలుగు మీటర్ల గోడ కాపాడేది రెండున్నర మీటర్లు కూడా ఉండదు. ఆ లెక్క నెత్తుటి చేతులతో కూచుని ఇప్పుడు చేశాను. ఒక్క లైను. ఆరోజు చేసుంటే ఒక్క నిమిషం పట్టేది.

నేటి తప్పు

రోజు 132

మధ్యాహ్నం శవాలు మట్టిచేశాక జనం ఓదెలును పట్టుకున్నారు. జోడు పాఠంలో గీత గీసిందెవరో అందరికీ తెలుసు. పిల్లలు ఇళ్ళల్లో నవ్వుతూ చెప్పుకున్నారు కదా, ఆకాశంలకు ఎవడు ఇసురుతడని సార్ అన్నాడని.

భద్రయ్య భార్య పోచక్క మొదటి రాయి వేసింది. కూతుర్ని చంపిన రాయే అది. ఓదెలు తప్పించుకోలేదు. కనుబొమ తెగి కన్ను పగిలింది. కింద పడ్డాక కాళ్ళతో తన్నారు. పక్కటెముకలు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. వీడు మాత్రం నా పేరు ఎత్తలేదు. ఒక్కసారి కూడా.

"ఒడ్డు మీద కట్టేయుర్రి, వాళ్ళ రాళ్ళకే సావాలె," అన్నాడు సర్దార్.

ఇంకొక్క గంట నోరు మూసుకుంటే క్లాసు నాది. మిగిలిన పన్నెండు మందికి టీచర్‌ను. ఆ మాట మనసులో అనుకున్నాను, ఇక్కడ రాస్తున్నాను. ఆ తరవాత ఈ పుస్తకం పట్టుకుని గుంపులోకి వెళ్ళాను. నూట పద్దెనిమిదో రోజు గట్టిగా చదివాను. ఆగు అందామనుకున్నాను, నోటిదాకా వచ్చింది, క్లాసు కావాలి, నోరు మెదపలేదు. చివరికి సుద్దముక్క విరగ్గొట్టాను అన్నది కూడా చదివాను.

పోచక్క వచ్చి నా జుట్టు పట్టుకుని ముఖం మీద కొట్టింది. రెండు పళ్ళు ఊడాయి. "సుద్దముక్కనా? సుద్దముక్కనా నీ తప్పు?" అని కొడుతూనే ఉంది. ఆమె చేతులు నేనూ పట్టుకోలేదు, ఇంకెవరూ పట్టుకోలేదు.

ఆఖరికి రాజవ్వ టీచర్ అడ్డమొచ్చింది. "సంపితే లెక్క వచ్చేటోళ్ళు ఇంకెవ్వరు లేరు," అంది సర్దార్‌తో. తరవాత నాతో అంది: "ఆ రోజు రాయవలసింది ఇయ్యాల సదివినవ్ బిడ్డా. నువ్వు ఆగు అనాలని నేను సూసిన. నేను గూడ అనలేదు."

నేటి తప్పు: పైన ఉంది.

రోజు 134

మా వైపు కూడా ఒక విసురు యంత్రం ఉంది, అంత దూలమే, అంత బరువే. ఇన్నాళ్ళూ చేతికొచ్చినట్టు విసిరేవాళ్ళు. ఇవాళ మమ్మల్నిద్దర్నీ దాని దగ్గరికి ఈడ్చుకెళ్ళారు.

"రెండు జవాబులు సెప్పు," అన్నాడు సర్దార్.

చెప్పాను. ఒడ్డోళ్ళకూ ముందు మట్టికట్ట ఉంది, కాబట్టి యాభై తొమ్మిది. ఓదెలు కట్టు కట్టిన కన్ను చేత్తో పట్టుకుని, ఉన్న కంటితో దూలం కోణం సరిచూశాడు. ఊపిరి తీసినప్పుడల్లా మూలుగుతున్నాడు. రాళ్ళకు బదులు మండే బొగ్గు కూరిన కుండలు పెట్టమన్నాడు సర్దార్. అది పాఠంలో లేదు.

మా దూలం లేవగానే గుట్ట మీద వాళ్ళు వంగారు. నేను పైకే లెక్కపెట్టాను. ఒకటి. రెండు. మూడు.

ఎవరూ లేవలేదు. నాలుగుకూ లేవలేదు. ఐదు లెక్కపెట్టాలని వాళ్ళకు తెలుసు. తెలిసి, ఒకళ్ళ మీద ఒకళ్ళు ఒదిగి, బుద్ధిగా వంగి కూచున్నారు. కుండలు వంగినవాళ్ళ వీపుల మీదే పగిలాయి.

తొమ్మిది బుట్టలు వేశాం. నాలుగో బుట్టకు అరుపులు ఆగాయి. మిగతా ఐదు సర్దార్ కోసం వేశాం. పోచక్క దూలం తాడు లాగుతూ ప్రతి బుట్టకూ కూతురి పేరు అరిచింది. నేను కోణం చూస్తూ ఉన్నాను. చేయి వణకలేదు. వణికితే బాగుండేది.

నేటి తప్పు: ఎన్ని బుట్టలకు ఆపాలో లెక్క కట్టలేదు.

రోజు 135

పొద్దున గుట్ట ఎక్కాం. కాలిన మాంసం వాసనకు ఓదెలు కక్కబోయాడు. పక్కటెముకల నొప్పికి కక్కలేక ఏడ్చాడు. ఇరవైమంది దాకా ఉన్నారు. సగంమంది మా తొమ్మిదో తరగతి ఈడు వాళ్ళు. బుట్టల్లో రాళ్ళు నింపేది ఆ పిల్లలేనట, కాపలావాళ్ళు చెప్పారు. నాకు ముందు తెలియదు. అడగనూ లేదు.

తెల్లగుడ్డ మనిషి కట్టకు ఆనుకుని ఉంది. వీపు మొత్తం బొగ్గైపోయింది. ముందువైపు చూస్తే నిద్రపోతున్నట్టే ఉంది. కుడిచేతి వేళ్ళకు సుద్ద. ఒళ్ళో పలక, దాన్ని రెండు చేతుల్తో పొట్టకు హత్తుకుని పడింది కాబట్టి కాలలేదు.

పలక మీద నా లెక్కే. ఎనభై ఒకటి, ముప్పై, అవే నాలుగు లైన్లు. కింద ముప్పై ఒకటి, యాభై తొమ్మిది. దేని మీదా గీత లేదు. వాటి పక్కన వేరే చేతిరాతతో, కొంచెం వంకరగా, ఎవరో పిల్లల రాతతో రెండు ముక్కలున్నాయి: 'మూడుకు లేస్తారు. ఐదుకు పడాలి.'

లెక్క ఒకరిది, చూపు ఒకరిది. జోడు పాఠమే అది.

"మంచి టీచరమ్మ," అన్నాడు ఓదెలు. వాడి గొంతులో వెటకారం లేదు. నేను ఆమె కళ్ళు మూశాను. పలక తెచ్చుకున్నాను. సర్దార్ దాన్ని పగలగొట్టమన్నాడు. రాజవ్వ టీచర్ నా చేతిలోంచి తీసుకుని, నల్లబల్ల పక్కన మేకుకు తగిలించింది.

"ఈమె దగ్గర గూడ నేర్సుకోర్రి," అంది.

నేటి తప్పు: ఆమె పేరు ఎవర్నీ అడగలేకపోయాను. చెప్పేవాళ్ళు మిగల్లేదు.

రోజు 140

తొమ్మిదో తరగతి నాకిచ్చారు, నాకూ ఓదెలుకూ. ఇంకెవరూ లేరు కాబట్టి ఇచ్చారు. పోచక్క బడి దాటేటప్పుడు ఉమ్మేసి వెళుతుంది. వెళ్ళనీ.

ఇవాళ నడవగలిగిన పిల్లలు ఎనిమిదిమంది వచ్చారు. ఖాళీ వరుసలు తీసెయ్యమన్నాడు ఓదెలు. పిల్లలు వద్దన్నారు. నల్లబల్ల మీద రెండు జవాబులూ రాశాను. గీతలెవరూ గీయలేదు.

"టీచర్, మరి ఇగ ఎంత దాక లెక్కపెట్టాలె?" అంది శ్యామల. గిల్లడానికి పక్కన ఎవరూ లేరు ఆ పిల్లకు. "మూడా, ఐదా?"

మూడు అని నేను చెప్పినందుకు వీళ్ళ స్నేహితులు చచ్చారు. ఐదు తెలిసిన పిల్లలు గుట్ట మీద కాలిపోయారు. ఓదెలు వంక చూశాను. వాడు ఒంటికన్నుతో నేల చూస్తున్నాడు.

"చప్పుడు వినేదాకా," అన్నాను. "రాయి పడ్డ చప్పుడు చెవులారా వినేదాకా లెక్కపెడుతూనే ఉండాలి."

సరిగ్గా అప్పుడే గంట మోగింది. కాపలావాళ్ళు ఊరికే గంట తాడు సరిచూసుకుంటున్నారు. గుట్ట మీద విసరడానికి ఎవరూ లేరు, మేమే లేకుండా చేశాం. పిల్లలకూ తెలుసు. అయినా ఎనిమిదిమందీ ఒక్కసారిగా వంగి, తలలు మోకాళ్ళలో దూర్చి మొదలుపెట్టారు. ఒకటి, రెండు, మూడు. నాలుగు. ఐదు. పది. నలభై. రాయి రాదు కాబట్టి చప్పుడూ రాదు. నూటికి చేరాక గొంతులు సన్నబడ్డాయి. నూట యాభైకి ఓదెలు బయటికి వెళ్ళిపోయాడు. రెండొందల దగ్గర శ్యామల గొంతు ఒక్కటే గట్టిగా వినిపిస్తోంది.

లేవండి అన్న మాట నోటిదాకా వచ్చింది.

నేటి తప్పు: నాలుగువందల పన్నెండు దాకా లెక్కపెట్టనిచ్చాను. తరవాత నేనూ వాళ్ళ పక్కన వంగి కూచున్నాను.